జోడి లెక్క

1998 ఎండాకాలం చివర్లో, మాదాపూర్ బండల మధ్య, మీద మీదకు వస్తున్న జేసీబీని నేను ఛాతీ అడ్డం పెట్టి ఆపాను.

ఈ మాట నేను పెళ్లి పందిళ్లలో చెప్పాను, రైళ్లలో చెప్పాను. మణికొండలో మా అపార్ట్‌మెంట్ మీటింగులో నీళ్ల ట్యాంకర్ల మీద గొడవ జరుగుతుంటే మధ్యలో లేచి కూడా చెప్పాను. "జేసీబీ తొట్టి మీకు ఎంత దూరంలో ఆగింది సార్?" అని ఒకాయన అడిగితే, "చొక్కా గుండీ తెగిపడింది" అన్నాను. తల నెరిసిన మనిషి మాటను ఎవరూ టేపు పెట్టి కొలవరు. ఆ ఛాతీ సంగతి, గుండీ సంగతి వరసలో వస్తాయి. ముందు ఆ చోటు, ఆ పని ఎలాంటివో చెప్పాలి.

హైటెక్ సిటీ అంటే మీకిప్పుడు అద్దాల మేడలు. అప్పుడక్కడ గుట్టలు, సీతాఫలం పొదలు, బండలు పేల్చిన పొగ, ఆ పొగలోంచి లేస్తున్న పిల్లర్లు. అలా లేస్తున్న ఒక కంప్యూటర్ కంపెనీ భవనం దగ్గర నేను సేఫ్టీ సూపర్‌వైజర్‌ని. మాది కర్నూలు జిల్లా. అంతకుముందు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో అదే పని చేసి వచ్చాను. సేఫ్టీ సూపర్‌వైజర్ పని రెండు ముక్కలు. మనుషులకు దెబ్బలు తగలకుండా చూడటం ఒకటి. తగిలితే వెంటనే, తప్పు లేకుండా, చేరాల్సిన వాళ్లకు కబురు చేర్చటం రెండోది. మొదటి ముక్క కష్టమని నాకు తెలుసు. రెండోది పనే కాదనుకునేవాణ్ని. ఫోనెత్తి గట్టిగా అరవటమే కదా!

మూడంకెలు నొక్కితే అంబులెన్సు వచ్చే రోజులు కావవి. సైటు మొత్తానికి ఒక జీపు, టైమ్ ఆఫీసులో ఒక ఫోను. టైమ్ ఆఫీసు అంటే కూలీల హాజరు చూసే రేకుల గది. దాని పక్కనే ఫస్ట్ ఎయిడ్ గది, అందులో నర్సు సుజాత. రాజమండ్రి నుంచి వచ్చిన పిల్ల. ఆవిడకో చాదస్తం ఉండేది. ఎవరు ఏ కబురు చెప్పినా విని ఊరుకునేది కాదు, తిరిగి అప్పజెప్పేది. తను చెప్పింది మనచేత కూడా అప్పజెప్పించుకునేది.

"సుబ్బరాయుడు గారూ, దూది అయిపోయిందని స్టోర్సులో చెప్పండి. ఏం చెబుతారో ఓసారి చెప్పండి."

"దూది అయిపోయిందని చెబుతానమ్మా. ఇదేమన్నా గుళ్లో మంత్రమా, నువ్వు అన్నాక నేను అనటానికి?"

"మంత్రం తప్పు పలికినా దేవుడు సర్దుకుంటాడండీ. మందు పేరు తప్పు పలికితే పేషెంటు సర్దుకోలేడు."

నేను నవ్వి ఊరుకునేవాణ్ని. ఆవిడ వెనక ఆవిడ మాటను అనుకరించి నలుగురినీ నవ్వించేవాణ్ని కూడా.

ఇక జోడి గురించి. మట్టి పనికి పాలమూరు జిల్లా నుంచి వచ్చేవాళ్లు. వాళ్లు ఆలుమగలుగా వస్తారు. మగడు తవ్వుతాడు, ఆలు తట్ట మోస్తుంది. అందుకని వాళ్లను మనుషుల్లో లెక్కపెట్టరు, జోడీల్లో లెక్కపెడతారు. "ఇయ్యాల ఎన్ని జోడీలు దిగినయ్?" అని మేస్త్రి అడుగుతాడు. హాజరు జోడీల్లో, పని పంపకం జోడీల్లో. ఆలికి జ్వరం వచ్చి మగడొక్కడే వస్తే వాణ్ని ఆ పూట ఎవరో ఒకరి పక్కన వేసేవాళ్లు. లెక్కలోకి మాత్రం రాడు. మేం కూడా ఆ అలవాటులో పడిపోయాం. డ్రాయింగులు చదివే ఇంజనీర్లు సైతం "అటు పక్క నాలుగు జోడీలు వెయ్యండి" అనేవాళ్లు, ఎడ్ల గురించి చెబుతున్నట్టు.

ఆ జోడీల్లో ఒకటి కిష్టయ్య, అంజమ్మ. కిష్టయ్య సన్నగా, పొడుగ్గా, మాట తక్కువగా ఉండేవాడు. ఆ తక్కువైన మాటలన్నీ అంజమ్మ దగ్గర ఉండేవి. నేను హెల్మెట్ పెట్టుకొమ్మని వెంటపడితే, "తట్ట యాడ వెట్టుకోవాలె సార్, నీ నెత్తి మీదనా?" అనేది. నేను హెల్మెట్ మళ్లీ చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగేవాణ్ని.

భవనం వెనక వాన నీళ్లు పోవటానికి పెద్ద సిమెంటు పైపులు వేస్తున్నాం. హ్యూమ్ పైపులంటారు, మనిషి మోచేతుల మీద పాకి లోపలికి దూరగలిగేంత లావు. వాటికోసం తవ్విన లోతైన కాలువను ట్రెంచ్ అంటాం. అక్కడి నేల గట్టిదే. కానీ ఆ మూల గుంత ఉంటే, పేల్చిన బండల తుక్కు, మొరం పోసి చదును చేశారు. పోసిన మట్టి పుట్టిన మట్టిలా నిలబడదు. రెండు పక్కలా చెక్కలు అడ్డం పెట్టి దుంగలతో తన్ని నిలపాలి. దాన్ని షోరింగ్ అంటారు. ముందు రోజు వాన కొట్టింది. కొంత దూరం షోరింగ్ ఉంది, చివర లేదు. "చెక్కలు సాయంత్రానికొస్తాయి, అందాకా చివరికి పోవద్దు" అని నేను పొద్దున చెప్పాను. వాళ్లు తలలూపారు. ఎండన పడి అంతదూరం వచ్చి చెప్పిన వాడి మాటకు మర్యాదగా తల ఊపటం మన దేశంలో ఉన్నదే. నేనూ ఊపు చూసి తృప్తిపడి వెళ్లిపోయాను.

మధ్యాహ్నం బువ్వ వేళయింది. పాలమూరు వాళ్లంతా గుడిసెలకు వెళ్లారు. ఒక్క జోడి మాత్రం ఆగింది. రెండు పైపులు కలిసే చోట లోపలి నుంచి సిమెంటు పూయాలి, కలిపిన సిమెంటు గట్టిపడిపోతుందని. నేను టైమ్ ఆఫీసులో బూట్లు విప్పి కాళ్లు ఆరబెట్టుకుంటున్నాను. గోడ కూలినట్టు చప్పుడైంది. కాసేపటికి కడ్డీలు వంచే పనివాడు ఒకడు "మిట్టీ గిర్ గయా, మిట్టీ గిర్ గయా" అని మట్టి కూలిన కబురు మోసుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

నేను చెప్పులేసుకుని పరుగెత్తాను. దారిలో ఆ ముఠా మేస్త్రి బుచ్చయ్య ఎదురొచ్చాడు, కుడిచేతికి ఇంకా అన్నం మెతుకులతో.

"లోపల ఎందరున్నారప్పా?"

"ఒక్కటే జోడి సార్! మా కిష్టిగాడు, అంజి. కడమోళ్లంత బువ్వకొచ్చినం."

"పో, గుడిసెల్లోంచి పారలు పట్టుకురా, మనుషుల్ని తీసుకురా!" అని వెనక్కి పంపాను. ఆ క్షణంలో అది సరైన ఆజ్ఞే అనిపించింది. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది. కానీ ఆ మొహాలను గుర్తుపట్టగల ఒకే ఒక్క మనిషిని నేను అలా పక్కకు పంపేశాను.

ట్రెంచ్ చివర ఒక పక్క గట్టు మొత్తం జారి పడి ఉంది. బీహారు నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చిన సెంట్రింగ్ పనివాళ్లు అప్పటికే దిగి చేతులతో తోడుతున్నారు. ఒక మగమనిషి నడుం దాకా పూడి, తల మీద రాయి తగిలి, స్పృహ లేకుండా ఉన్నాడు. అతనికి కొంచెం అవతల ఒక ఆడమనిషి గొంతు దాకా పూడి ఉంది. నోట్లో మట్టి, కళ్లలో మట్టి. ఇద్దర్నీ లాగి పైకి తెచ్చారు. తడి మొరం పూసుకున్న మొహాలు, ఎవరి మొహం ఎలా ఉంటుందో తెలియదు. మగమనిషి ఒకరు, ఆడమనిషి ఒకరు. జోడి వచ్చేసింది.

సుజాత వచ్చి ఇద్దరి ముక్కుల దగ్గర చెయ్యి పెట్టి చూసింది. మెడలు కదలకుండా చెక్కల మీద పడుకోబెట్టించింది. "ఇంకెవరైనా ఉన్నారాండీ?" అని అడిగింది నన్ను.

"ఒక జోడే. వచ్చేశారు."

ఆవిడ అలవాటుగా "ఒక జోడి, ఇద్దరే" అని అప్పజెప్పి జీపెక్కింది. జీపు పోతుండగా పారలు పట్టుకుని బుచ్చయ్య ముఠా అంతా వచ్చింది.

"దొరికిన్రా సార్?"

"దొరికారప్పా, జోడి దొరికింది. ఊపిరుంది ఇద్దరికీ."

బుచ్చయ్య పార కింద పడేసి, అక్కడే మట్టిలో కూలబడి, ఎంగిలి చేతులతోనే ఆకాశానికి దండం పెట్టాడు. ఆడవాళ్లు ఏడుపు ఆపి ముక్కులు చీదుకున్నారు. అందరి మొహాల్లోనూ ఒక వెలుగు. ఆ వెలుగులో నేనూ కొంచెం నిలబడ్డాను.

ప్రాజెక్టు ఇంజనీరు ప్రసాద్ గారు రెండో గట్టు వైపు చూశారు. అది కూడా పగులు ఇచ్చి వేలాడుతోంది. పైన మబ్బు పడుతోంది. "ఏవండీ, అందరూ బయటికొచ్చారు కదా? అయితే దీన్ని ఇలా వదలకూడదండి. జేసీబీతో ఈ గట్టును మనమే పడగొట్టి చివర పూడ్చేద్దాం. వాన తగ్గాక మళ్లీ తవ్వుకోవచ్చు," అన్నారు. ఆయనకు నేనిచ్చిన కబురును బట్టి చూస్తే అది చాలా మంచి నిర్ణయం. నేను సరేనని టైమ్ ఆఫీసుకు నడిచాను, సిటీలోని మా పెద్దాఫీసుకు ఫోన్ చెయ్యటానికి.

అక్కడి మేనేజరుకు చెప్పాను: "ఇద్దరికి దెబ్బలు సార్. ఇద్దర్నీ తీసేశాం. లోపల ఎవరూ లేరు." అంతటితో పెట్టేయొచ్చు. కానీ నేను ఎలా పరుగెత్తానో, ఎవర్ని ఎటు పంపానో, అందర్నీ ఎలా నడిపించానో మొదలుపెట్టాను. ఆయన విసుక్కుని, "సరేనయ్యా, ముందు ఫోన్ పెట్టు" అన్నాడు. నొచ్చుకుంటూ పెట్టాను. పెట్టీ పెట్టగానే అది మోగింది. ఆయన కొంచెం మర్యాదస్తుడై నా గొప్పలు ఇంకాసేపు విని ఉంటే, ఆ ఫోను అవతలి వాళ్లకు ఎంగేజ్ అని వినిపించేది.

జీపులో ఏం జరిగిందో సుజాత తర్వాత చెప్పింది. గుంతల్లో జీపు ఎగిరెగిరి పడుతుంటే ఆవిడ తడిగుడ్డతో అంజమ్మ నోట్లోంచి, ముక్కులోంచి మట్టి తీసిందట. అంజమ్మ దగ్గి, కక్కి, ఊపిరి పీల్చుకుని మొదట అడిగిన మాట:

"మా ఆయనేడి?"

"ఇదుగోనమ్మా, నీ పక్కనే ఉన్నాడు. భయం లేదు, ఊపిరాడుతోంది."

అంజమ్మ పక్కకు తిరగబోతే సుజాత మెడ కదపనివ్వలేదు. చెయ్యి మాత్రం చాచి, కొంగుతో ఆ మొహం తుడిచి, కంటి కొసల నుంచి చూసింది.

"అవ్వో! గీయన నర్సింలన్న. మా ఆయన గాదు!"

నర్సింహులుది వేరే జోడి. భార్య పచ్చి బాలెంత, గుడిసెలో ఉంది. ఆ వారమంతా ఒక్కడే పనికొస్తున్నాడు, అందుకే లెక్కలో లేడు. బువ్వ వేళ బిడ్డను చూసుకోవటానికి అందరికంటే ముందే పోయాడని ముఠా అనుకుంది. నిజానికి అతను సగం దూరం పోయి, కిష్టయ్యకు సాయం పడదామని వెనక్కి తిరిగి ట్రెంచ్‌లోకి దిగాడు.

"మరి మీ ఆయన ఎక్కడున్నాడమ్మా?"

"పైపుల ఉన్నడు. సిమెంటు వెట్టనీకి లోపల్కి దూరిండు. తీసిన్రా? తీసిన్రా, జెప్పు!"

"పేరు చెప్పమ్మా. మీ ఆయన పేరు?"

అంజమ్మ నోరు తెరిచి మూసుకుందట. వాళ్లలో ఆడవాళ్లు మగని పేరు పలకరు, పలికితే ఆయుష్షు తగ్గుతుందని. పెళ్లైన నాటి నుంచి ఆమె ఆ పేరు ఒక్కసారి కూడా నోట రానివ్వలేదు. అంజమ్మ సుజాత చెయ్యి పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, జీపు బయటికి వినబడేలా అరిచింది: "కిష్టయ్య! కిష్టయ్య!"

మాదాపూర్ ఊరి మొదట్లో ఒక ఎస్టీడీ బూత్ ఉండేది. సుజాత జీపు ఆపించి లోపలికి దూరింది. అక్కడ ఒక పెద్దాయన పెళ్లి సంబంధం మాట్లాడుతున్నాడట. "ఒక మనిషి ప్రాణమండీ" అని రిసీవర్ లాక్కుందట. నన్నడిగితే ఆ సంబంధం కుదిరే ఉంటుంది. అంత మంచి ముహూర్తంలో ఆగిన మాట అది.

ఇవతల నేను ఫోన్ ఎత్తాను.

"సుబ్బరాయుడు గారూ, నేను సుజాతని, మాదాపూర్ బూత్ నుంచి. జీపులో ఉన్నది అంజమ్మ, నర్సింహులు. కిష్టయ్య ఇంకా లోపలే ఉన్నాడు. పైపు లోపల. మట్టిని, పైపును మిషనుతో ముట్టుకోకండి. చెప్పండి, నేనేం చెప్పాను?"

"కిష్టయ్య... మట్టి కింద..."

"మట్టి కింద కాదండీ! పైపు లోపల. మళ్లీ చెప్పండి."

"పైపు లోపల. కిష్టయ్య పైపు లోపల ఉన్నాడు. మిషను ఆపాలి."

"వెళ్లండి."

ఆ 'మట్టి కింద'కీ 'పైపు లోపల'కీ తేడా ఏమిటో ఇక్కడే చెప్పాలి. మట్టి కింద అన్న కబురుతో నేను పరుగెత్తి ఉంటే, అందర్నీ మళ్లీ ఆ వేలాడే గట్టు కిందికి దింపి తవ్వించేవాణ్ని. అది కూలితే ఒకడి కోసం పదిమంది పోయేవాళ్లు. పైపు లోపల అంటే, ఇవతలి నోరు మట్టితో పూడినా, ఇంకో దారి ఉంది. ఆ పైపు వరస అవతలి కొస ఒక మ్యాన్‌హోల్‌లో, అంటే ఇటుకలతో కట్టిన బావి లాంటి గుంతలో తేలుతుంది. వాన నీళ్లతో బురద రాకుండా ఆ కొసను ఇటుకలు పేర్చి తాత్కాలికంగా మూసి ఉంచాం. దాన్ని పగలగొడితే చాలు. చెప్పాల్సినట్టు చెప్పిన ఒక మాట, ఏ వైపుకు పరుగెత్తాలో కూడా చెప్పింది.

ఇక జేసీబీ. ఛాతీ. గుండీ.

టైమ్ ఆఫీసు గడప దాటగానే నా కుడికాలి చెప్పు తెగింది. బూట్లేసుకోమని రోజూ అందరి ప్రాణాలూ తీసే సేఫ్టీ సూపర్‌వైజరు చెప్పులతో పరుగెత్తుతున్నాడు, అదీ తెగిన చెప్పుతో. దాన్ని చేతిలో పట్టుకుని, పైకెత్తి ఊపుతూ, "ఆపరా, ఒరే ఆపరా!" అని అరుస్తూ పోయాను. జేసీబీ డ్రైవరు యాదగిరి ఆ వేలాడే గట్టు దగ్గరికి ఇంకా బండి తిప్పుకుంటున్నాడు. అద్దంలోంచి నన్ను చూశాడు. అంతకు రెండ్రోజుల ముందు అతను నా నీళ్ల క్యానును చక్రాల కింద తొక్కించి ఉన్నాడు. ఆ కోపంతో చెప్పు తీసుకుని కొట్టటానికి వస్తున్నాననుకుని, ఇంజన్ ఆపేసి, అటు తలుపు తీసి దూకి పారిపోయాడు. నేను చేరేసరికి ఆ మిషను చల్లగా నిలబడి ఉంది. నా ఛాతీ దాన్ని తాకిన మాట నిజమే. ఆయాసం ఆపుకోలేక దాని మీద వాలిపోయాను. చొక్కా గుండీ ఊడటం అప్పుడే జరిగింది.

"మిషను ముట్టొద్దు! కిష్టయ్య పైపులో ఉన్నాడు!"

బుచ్చయ్య లేచి నిలబడ్డాడు. "కిష్టిగాడు జీపుల వోయిండు గదా సార్?"

"జీపులో పోయింది నర్సింహులు!"

అందరూ ఒకేసారి ట్రెంచ్ వైపు ఉరికారు. నేనూ ప్రసాద్ గారూ చేతులు చాచి ఆపి, మ్యాన్‌హోల్ వైపు తిప్పాం. బుచ్చయ్యే ముందు దిగాడు. సమ్మెటతో పెద్ద దెబ్బ కొట్టవద్దన్నాను, ఇటుక ముక్కలు లోపలికి ఎగిరి తగలొచ్చు. పలుగు కొసతో ఒక్కో ఇటుకే వదులు చేసి బయటికి లాగారు. తల పట్టేంత కంత అయ్యాక బుచ్చయ్య అందులో మొహం పెట్టి పిలిచాడు.

"కిష్టిగా! ఓరి కిష్టిగా!"

ఏమీ లేదు. మబ్బు ఉరిమింది. ఎవరో ఆడమనిషి ఏడుపు ఎత్తుకోబోతే పక్కామె నోరు మూసింది. బుచ్చయ్య చెవి పైపుకు ఆనించాడు. ఆనించి, చెయ్యెత్తి మమ్మల్ని ఊపిరి కూడా తీయొద్దన్నాడు.

"తాపీ కొడుతుండు," అన్నాడు. "తాపీతోని పైపును కొడుతుండు నా కొడుకు!"

మనిషి రావటానికి చాలాసేపే పట్టింది. లోపల బురద, చీకటి. ఇటువైపు వెలుతురు కనబడ్డాక మోచేతుల మీద పాకుతూ వచ్చాడు. ముందు తాపీ బయటికొచ్చింది, తర్వాత చెయ్యి, తర్వాత తల. మోచేతులు రెండూ తోలు లేచి ఎర్రగా ఉన్నాయి. ఇంకేం కాలేదు. పైకి లాగి కూర్చోబెడితే వెలుతురుకు కళ్లు ఆర్పుతూ చుట్టూ చూశాడు. ఒక్కొక్క మొహమే చూశాడు. వెతికే మొహం కనబడలేదు.

"అంజి?"

"బాగుంది. దవాఖానకు పోయింది. మాట్లాడుతోంది," అన్నాను.

తల ఊపాడు. "బువ్వ తినలే అది," అన్నాడు.

బుచ్చయ్య భార్య గుడిసెకు పోయి జొన్నరొట్టె, పచ్చిపులుసు గిన్నెలో పెట్టి మూటకట్టి తెచ్చింది. ఆ మూట ఒళ్లో పెట్టుకుని కిష్టయ్య నా స్కూటరు వెనక కూర్చున్నాడు. దారిలో గుంతలొచ్చినప్పుడల్లా మూటను ఎత్తి పట్టుకునేవాడు.

దవాఖానలో నర్సింహులుకు తలకు కుట్లు వేస్తున్నారు. గండం లేదన్నారు. అంజమ్మను ఇంకో గదిలో పడుకోబెట్టారు, పక్కటెముక చిట్లింది. సుజాత గుమ్మం దాకా వచ్చి, అంజమ్మ కిష్టయ్య పేరు అరిచిన సంగతి చెప్పి, మళ్లీ మంచం దగ్గరికి వెళ్లింది. కిష్టయ్య గుమ్మంలో నిలబడ్డాడు. అంజమ్మ అతన్ని తల నుంచి పాదాల దాకా చూసింది. ఏడుస్తుందనుకున్నాను.

"గింతసేపు ఏం జేస్తున్నవ్ పైపుల? పండుకున్నవా?"

కిష్టయ్య మూట మంచం మీద పెట్టి, మెల్లగా అన్నాడు: "నా పేరు జెప్పినవంట."

"జెప్పకుంటె అండ్లనే ఉంటుంటివి," అని మొహం గోడ వైపు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. పక్కటెముక నొప్పి పెడుతుందని సుజాత వారించబోయి, తనూ కళ్లు తుడుచుకుని బయటికొచ్చేసింది. నేనూ వచ్చేశాను. లోపల రొట్టె తుంచుతున్న చప్పుడు మాత్రం కొంచెం వినబడింది.

మర్నాటి నుంచి మా సైటులో జోడి లెక్క పోయింది. ఏ గుంతలోకి ఎవరు దిగినా పేరు చెప్పి దిగాలి, పేరు చెప్పి ఎక్కాలి. భార్యలు భర్తల పేర్లు పలకరు కాబట్టి ఎవరి పేరు వాళ్లే చెప్పుకోవాలన్నాం. ఆడవాళ్లు మొదట్లో తమ పేర్లు చెప్పటానికే సిగ్గుపడి చచ్చారు. అంతవరకు సైటులో ఎవరూ అడగలేదు మరి. నేను కూడా ఆ తర్వాత పనిచేసిన ప్రతిచోటా కొత్తవాళ్లకు ఒకటే నేర్పాను. ప్రమాదం కబురు చెప్పేటప్పుడు ముందు నీ పేరు, నువ్వున్న చోటు చెప్పు. తర్వాత ఏం జరిగిందో, సరిగ్గా ఎక్కడ జరిగిందో చెప్పు. ఎందరు అన్నదానితో ఆగకు, ఎవరెవరో చెప్పు. అంకె తప్పినా అంకెలాగే కనబడుతుంది, పేరు తప్పితే ఆ పేరుగల మనిషి కోసం ఎవరో ఒకరు అరుస్తారు. విన్నవాడు తిరిగి అప్పజెప్పేదాకా ఫోన్ పెట్టకు. ఇది నాకు సుజాత నేర్పింది. నేను నేర్పేటప్పుడు మాత్రం చాలా ఏళ్లు ఆవిడ పేరు చెప్పలేదు, అది నా అనుభవ సారమన్నట్టు చెప్పుకున్నాను.

ఇంత రాశాక చివర ఒక పేరా జోడించాను. అది నా మనసులోంచి వచ్చిందనే అనుకున్నాను. 'ఆనాటి తప్పు మొత్తం నాది, నా ఒక్కడిది. కిష్టయ్యకు ఏమైనా అయ్యుంటే అతని చావుకు నేనే కర్తను. ఆ దోషం తలుచుకుని నేను ఎన్నో ఏళ్లు కంటి మీద కునుకు లేకుండా గడిపాను' అని ముగించాను. బాగుందనిపించింది. రెండుసార్లు చదువుకుంటే నాకే కళ్లు చెమర్చాయి.

అంజమ్మ, కిష్టయ్య ఇప్పుడు పుప్పాలగూడలో ఉంటారు. మణికొండలో మా సందు చివర కర్రీ పాయింట్ నడుపుతారు. ముద్దపప్పు, గోంగూర ఆమె చేతి మహిమ. ఉల్లిగడ్డలు కోయటం ఆయన వంతు. నిన్న మధ్యాహ్నం బేరం సద్దుమణిగాక కాగితాలు, పప్పుకోసం డబ్బా పట్టుకుపోయి, స్టూలు మీద కూర్చుని మొత్తం చదివి వినిపించాను. చెప్పు తెగిన చోట అంజమ్మ పడీ పడీ నవ్వింది. చివరి పేరా గొంతు తగ్గించి, కొంచెం ఆగి ఆగి చదివి, తలెత్తి చూశాను.

అంజమ్మ గరిటె పక్కన పెట్టింది.

"నిద్ర వట్టలేదా? అబద్ధం. ఆ దినమే దవాఖాన బల్ల మీద నోరు తెర్సి గుర్రు వెట్టినవ్, నర్సమ్మ వచ్చి లేపింది."

కిష్టయ్య ఉల్లిగడ్డల మీద నుంచి తలెత్తకుండా నవ్వాడు.

"అది సరే అంజమ్మా, తప్పు సంగతి..."

"ఏం తప్పు? ఒక్కటే జోడి అన్నది బుచ్చయ్య మామ. పొద్దుగాల నువ్వు పోవద్దన్నా తలకాయలూపి పోయింది మేము. లోపల్కి వోతున్న అని ఎవ్వనికి జెప్పక దూరింది ఈయన. అంతమందిమి చేస్తె, మొత్తం నువ్వే చేసినట్టు రాసుకుంటివి." ఆమె మూత తీసి పప్పు కలిపి, నా డబ్బా అందుకుంది. "తప్పుల గూడ పెద్ద వాటా నీకే గావాల్నా సార్? కొట్టెయ్ అది."